నాలుకకు మసి

నా ఉద్యోగం నాలుకలకు మసి పూయడం.
నవ్వకండి, నెలనెలా జీతం వస్తుంది.
అడయార్ దగ్గర, నాలుగో అంతస్తు,
కిటికీ తెరిస్తే ఉప్పుగాలికి కాగితాలు మెత్తబడే గది.
బొగ్గుపొడి, రెండు చుక్కల నూనె, ఒక సన్న కుంచె.
"నోరు తెరవండమ్మా" అంటాను, మూడు భాషల్లో.
ఒక్క మాట పలకాలి. ఒక్కటే. మింగకూడదు.
పలికాక అంగిట్లో అద్దం పెట్టి ఫోటో తీస్తాను.

'ల' కి పళ్ళ వెనకే నల్లటి అంచు.
'ళ' కి ఇంకా లోపల, పైకప్పు మీద
పిల్లి ఒక్క అడుగేసి వెళ్ళినట్టు.
అరవంలో ఇంకొకటుంది,
దానికి మచ్చే సరిగా పడదు.
అప్పడగబోయి గుమ్మంలోంచే మళ్ళిన మనిషిలా
నాలుక అక్కడిదాకా వెళ్ళి, తాకకుండా తిరిగొస్తుంది.

కింది అంతస్తు ఆహారశాస్త్రం వాళ్ళు
అదే నాలుకకు నీలం రంగు వేస్తారు.
కాగితపు రింగు పెట్టి లోపలి బుడిపెలు లెక్కపెడతారు,
ఎక్కువుంటే "మీకు చేదు బాగా తెలుస్తుంది" అని
ఒక చాక్లెట్ ఇచ్చి పంపేస్తారు.
ఎదుటి భవనంలో దంతవైద్యులు గాజుగుడ్డతో పట్టి పక్కకి లాగి
తెల్లమచ్చ కోసం అంచులు వెతుకుతారు.
రాయపేట సిద్ధవైద్యుడు పూత రంగు చూసి
నిన్న రాత్రి ఏం తిన్నావో అడుగుతాడు.
బెంగళూరు నుంచి వచ్చే కుర్రాళ్ళకు నాలుకతో పనే లేదు,
గొంతు పట్టుకుని పోతారు, డబ్బాలో.

నరం లేని నాలుక, అంటుంది మా అత్త.
శవాల మీద పాఠం చెప్పే సుందరవల్లి మేడమ్
ఒకసారి లిఫ్టులో అంది:
"పన్నెండో నరం అచ్చంగా దాని కోసమేనయ్యా."
ఆ సంగతి అత్తకు చెప్పలేదు.
సామెత ఓడిపోతే ఆమెకు అన్నం సయించదు.

మా బావ ఏకాంబరానికి
పుదుప్పేటలో పాత బండి సామాన్ల కొట్టు.
ఇరవై ఏళ్ళు ఎడమ బుగ్గన పొగాకు.
పోయినేడు నాలుక ఎడమ సగం తీసేశారు,
ముంజేతి చర్మం కోసి అక్కడ కుట్టారు.
పాతికేళ్ళు వాచీ కట్టుకున్న చోటు
ఇప్పుడు బావ నోట్లో ఉంది.
మిరియాలచారు తాగి మణికట్టు తడుముకుంటాడు.
మొన్న దానిమీద రెండు వెంట్రుకలు మొలిచాయి.
"గడ్డం గీసేవాణ్ణి అడుగు, దీనికెంత తీసుకుంటాడో"
అని చీటీ మీద రాసిచ్చాడు నాకు.

మాటలు నేర్పే బెనిటా వారానికి రెండుసార్లు వస్తుంది.
'ప' వచ్చింది, 'మ' వచ్చింది, 'క' కష్టపడి వచ్చింది.
కూతురి పేరు కోమళ.
చివర్లో ఉన్నది ఆ పిల్లి అడుగు.

ఒక ఆదివారం అగ్గిపెట్టెలో మసి పట్టుకెళ్ళాను.
అడిగింది ఆయనే, చీటీ రాసి.
వ్యాసర్పాడి ఇంట్లో, ట్యూబులైటు కింద,
కుట్టు పక్కగా కుంచె నడిపాను.
చర్మానికి నూనె అంటదు, జారిపోతుంది.
"ఒక్క మాట బావా, మింగకు" అన్నాను.
పలికాడు.
అద్దంలో కుడివైపే ఒక నల్లగీత,
ఒక్క తాడుకే కట్టిన పడవలా ఒరిగి.
ఎడమ పక్కన ఏమీ లేదు, గులాబిరంగు.
మా ఫారంలో ఒక గడి ఉంటుంది: ధ్వని నమోదైందా?
అలవాటు చొప్పున 'లేదు' అని కొట్టబోతున్నాను,

"ఆఁ నాయనా, పాలు పొంగుతున్నాయి, వస్తన్నా"
వంటింట్లోంచి.

బావ నవ్వాడు, కుడివైపు పళ్ళన్నీ మసి.
కొత్త తువాలుతో తుడుచుకున్నాడని
అక్క మా ఇద్దర్నీ తిట్టింది.
ఆ మరక ఇంకా పోలేదు.