నిమిషానికి ఎన్ని

భూపాలపల్లి జూనియర్ కాలేజీల
బాటనీ ల్యాబంటే
రెండు బెంచీలు, ఒక కిటికీ,
మూతి పగిలిన బీకర్లు ఏడు.
గణపసముద్రం మత్తడి కాడ
ప్యాంటు మోకాళ్ళదాక మడిచి దిగి
నేనే తెంపుకొచ్చిన హైడ్రిల్లా,
వలకు చుట్టుకుంటదని చేపలోళ్ళు తిట్టే నాచు.

కొమ్మను తలకిందులు చేసి గరాటు కింద పెట్టిన.
నీళ్ళల్ల చిటికెడు సోడా.
వేడి తగలకుంట నడుమ నీళ్ళ సీసా.
కోసిన కాడ కొసనుంచి
ఒక బుడగ,
ఆగి,
ఇంకొకటి.
"ఊపిరి తీస్తున్నది సార్" అన్నది సుప్రియ.
ఊపిరి కాదమ్మా, వంట అన్న.
ఎసరు కుతకుతమన్నట్టు.

బల్బు నలభై సెంటీమీటర్ల దూరంల ఉంటే
నిమిషానికి మూడు.
ఇరవైకి జరిపితే పన్నెండు.
సగం దూరం, నాలుగింతల వెలుగు.
ఈ లెక్క నేను చదివి పాతికేండ్లాయె,
ఆ పిల్ల పెదవులు కదుపుకుంట ఎంచుతుంటే
మొదటిసారి విన్నట్టు విన్న.
పది కాడ ముప్పై ఒకటి.
ఐదు కాడ
అందరూ మెడలు చాపిన్రు.
ముప్పై రెండు.

"ఇంకింత దగ్గరికి తెద్దాం సార్."
ఎంత తెచ్చినా అంతేనమ్మా.
వడ్డించేటోడు ఆగకున్నా
విస్తరికి ఒక అంచుంటది.
అది దాటితే, ఎండకాలం మిట్టమధ్యాహ్నం
పెసరచేను ఆకులు అంచుకు తిరిగినట్టు
వెలుగుకే మొగం చాటేస్తది.

అప్పుడే కరెంటు పోయింది.
బొగ్గు మీద కూసున్న ఊరు మాది.
చెల్పూరు పొగగొట్టం కిటికీల కనబడుతనే ఉన్నది.
అయినా పోయింది.

బీకరు తీసి కిటికీ గూట్లె పెట్టినం.
మబ్బు. ఐదు.
మబ్బు జరిగింది. ముప్పై.
మళ్ళ మబ్బు.
సుప్రియ రికార్డుల స్కేలుతోని గీత కొట్టి
సెంటీమీటర్లు ఉండాల్సిన కాడ
"మబ్బు" అని రాసింది.
ఎగ్జామినర్ ఒప్పుకోడని తెలిసే
సంతకం పెట్టిన.

కిటికీ అవతల కానుగచెట్టు.
లారీ పోయినప్పుడల్లా ఇంత నల్లగైతది.
చెయ్యి చాపి ఒక ఆకు తెంపి
బొటనవేలితో సగం తుడిచింది.
సగం నలుపు, సగం పచ్చ.
"సార్, దీనికి బల్బు ఎంత దూరంల ఉన్నట్టు?"
సిలబస్‌ల లేదు.
నాకూ రాదు.

సాయంత్రం వాళ్ళ నాయిన ఓదెలు వచ్చిండు.
బాయిల టింబర్‌మన్.
చలికాలం జనరల్ షిఫ్టు చేసి
లాంప్‌రూంల టోపీ లైటు అప్పజెప్పి పైకొచ్చేసరికి
పొద్దు అంచు మీదనే ఉంటది.
ఇంకా కాటుక కడగని కండ్లతోని
బీకరు దిక్కు చూసిండు.
"సచ్చిందా సార్?"

లేదన్నా. ఇది దాని సరిసమానం గడియ.
వండుకున్నదీ తిన్నదీ ఒక్కటే.
మిగులు లేదు, అప్పు లేదు.
"అంటే మా జీతం లెక్క" అని నవ్విండు.

నవ్వు ఆపి, కొంచెం ఆగి:
"పైకప్పుకు ఒక్కోపాలి ఆకు అచ్చు కనబడ్తది సార్.
నాలుక లెక్క పొడుగ్గ, నడుమ ఈనె, పక్క ఈనెలు,
నిన్న రాలినంత సాఫుగ.
లైటు దగ్గరికి పెట్టి చూసిన.
ఇంకింత దగ్గరికి పెట్టిన.
ఎందుకో మరి."

ఎవ్వరం ఏమనలేదు.
రోడ్డు మీద షిఫ్టు బస్సు హారను.
గూట్లె నీళ్ళు కదలకుంట ఉన్నయి.

కరెంటు వచ్చింది.
స్విచ్చు బందు చెయ్యడం మరిచిన బల్బు
బెంచీ మీద ఒక్కసారి వెలిగింది.
సుప్రియ బీకరు ఎత్తుకొచ్చింది.
"మరీ దగ్గర పెట్టకు బిడ్డా,
ఇప్పుడే గద చీకట్ల నుంచి వచ్చింది" అన్నడు ఓదెలు.

ఇరవై కాడ పెట్టినం.
ముగ్గురం వంగినం.
చాలాసేపు ఏమీ లేదు.
ఆయనే ముందు చూసిండు.
మసి మిగిలిన వేలు ఎత్తి
నోట్లనే, మెల్లగ,
ఒకటి.