మేకుల్లేని లాడం

చల్లగా ఉంటుంది, ఓర్చుకోండి అంటూ
నడుముకు జెల్ రాశాను.
తొక్తోసున్ నవ్వాడు:
"జనవరిలో మంచు గడ్డకట్టిన గిట్టల్ని
ఒళ్లో పెట్టుకునేవాణ్ణి చెల్లీ,
ఇదీ ఒక చలేనా?"
అంతలోనే నొప్పి తిరగబెట్టి
బల్ల అంచు పట్టుకున్నాడు.
సుత్తి పట్టే చెయ్యి. గోళ్ల నిండా మసి.

పక్కటెముకల కింద ఎడమన వెతికాను, లేదు.
కుడినా లేదు.
ప్రోబ్ కిందికి, ఇంకా కిందికి జరిపితే
బొడ్డు దాపున, వెన్నుకు అడ్డంగా
అడుగులు అతుక్కుని
రెండు కిడ్నీలూ ఒక్కటై.

వేసవికి మన మందలు పై పచ్చికలకు ఎక్కవూ?
తల్లి కడుపులో ఇవీ అలాగే ఎక్కుతాయి.
మీవి దారిలోనే చేతులు కలుపుకున్నాయి.
ఒక రక్తనాళం అడ్డకర్రలా తగిలింది.
ఇక అక్కడే గుడారం దించేశాయి,
యాభై మూడేళ్లయింది.

దిగువనుంటే తప్పేం లేదు,
వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి.
చిక్కల్లా నీళ్లతోనే.
ఆ అతుకు మీదుగా గట్టెక్కి దిగాలి.
ఎక్కలేనివి నిలుస్తాయి, నిలిస్తే ఉప్పు పేరుతుంది.
మూడు రాళ్లు.
పెద్దది, చిన్నప్పుడు మనం ఆడుకున్న
గొర్రె మడమెముకలో సగం.

స్క్రీన్ అతని వైపు తిప్పాను.
చాలాసేపు చూశాడు.
"ఎన్ని వేలు కొట్టానో లెక్కలేదు.
ఇది కొట్టినవాడెవడో మేకులే వాడలేదు."
మళ్లీ తనే,
"గిట్ట పెరిగితే ఆరు వారాలకు విప్పాలి.
దీన్నెప్పుడు విప్పుతారు?"

విప్పరు.
బిష్కెక్‌లో వీపుకు చిన్న రంధ్రం చేసి
రాళ్లు మాత్రం తీస్తారు.
మళ్లీ రావచ్చు. నీళ్లు బాగా తాగండి.
"కుమిస్?"
కుమిస్ నీళ్లు కాదు.
మొహం ముడుచుకున్నాడు.

రిపోర్టులో 'అసాధారణం' అని టైప్ చేశాను.
ఆ మాట పైకి చదివించుకున్నాడు.
వంకర గిట్టను వాళ్ల నాన్న
ఏనాడూ తప్పు పట్టలేదట.
ఇనుమునే ఇంకోసారి కాల్చేవాడట.

అక్టోబరులో వచ్చాడు.
జేబులోంచి సీసా తీసి
నా చెవి దగ్గర కుదిపాడు.
"విను, మూడు గిట్టల చప్పుడు."
నాలుగోది?
జవాబు చెప్పకుండా బల్లెక్కి
చొక్కా పైకి లాక్కున్నాడు.

ఈసారి జెల్ సీసాను
కాసేపు రేడియేటర్ మీద ఉంచాను.