రెండొందల గ్రాములు

దువ్వాడ స్టేషన్ మీంచి వచ్చే గాలి
గేటు దగ్గరే, చెప్పులతోపాటే ఆగిపోతుంది.
లోపల నీలం కోటు, జుట్టుకి టోపీ,
మణికట్టుకి ఒక పట్టీ, దాని తీగ భూమిలోకి.
ఒంట్లో పుట్టే చిటుకుమనే మెరుపు కూడా
బోర్డుని చంపేస్తుందంటారు.
పెళ్లి కంకణం పదహార్రోజుల పండక్కి విప్పేశారు.
ఇది పదకొండేళ్లుగా కడుతూనే ఉన్నాను.

మంచి అతుకంటే ఏమిటో చెప్పింది గౌరీశమ్మ:
"ఒడ్డున పాతిన సరుగుడు గుంజని సూసావా?
కెరటం ఎనక్కెల్లినప్పుడు ఇసక దాని మొదట్ని
ఎలా పట్టుకుంటాది? పల్లంగా, సుట్టూరా, ఒదలకుండా.
అదీ అతుకంటే.
ముత్తెంలాగ గుండ్రంగా కూకున్నాదా, నమ్మకు.
అది కూకున్నాది. అంటుకోలేదు."

తర్వాత సీసం మానేశారు.
కొత్త టంకం మంచిదైనా మబ్బుగానే ఉంటుంది.
మెరిసేదే మంచిదని ఆరేళ్లు నేర్చిన నా కన్ను
మళ్లీ ఒకటో తరగతిలో కూర్చుంది.
గౌరీశమ్మ కన్ను కూర్చోలేదు. శుక్లాలన్నారు.
ఆవిడ స్టూలు ఇప్పుడు నాది. ఒక కాలు కురచ,
కింద మడిచిన అట్టముక్క ఆవిడ పెట్టిందే.

మూడొందల యాభై డిగ్రీలు.
తడి స్పాంజి మీద మొన తుడిస్తే
అట్లపెనం మీద నీళ్లు చిలికినట్టు చుయ్‌మంటుంది.
గుగ్గిలం పొగ నా ముక్కుకి తెలియడం మానేసింది.
చిన్నోడే అంటాడు, అమ్మా, నీ జడ గుడి వాసనేస్తోందని.

నిన్న బంగారునాయుడు ఒక బోర్డు తెచ్చాడు.
ఫిషింగ్ హార్బర్లో తూకం మిషనుది.
"రెండొందల గ్రాములు ఎగురుతోందట.
ఓసారి ఉంటాది, ఓసారి ఉండదు."
రాగి మీద పచ్చటి చిలుము. ఉప్పు.
కనెక్టరు మూల ఎండిపోయిన చేప పొలుసొకటి.
మొత్తం బోర్డు మీద మెరిసేది అదే.

పట్టుకారుతో దాన్ని తీసి పక్కన పెట్టాను.
నాలుగో పిన్ను. చుట్టూ
వెంట్రుక కంటే సన్నటి గీత.
వేలితో నొక్కితే అంకె నిలబడింది.
వదిలితే వణికింది.
బోర్డు అంచున తేదీ. తేదీ పక్కన చూసినవాళ్ల ముద్ర.
పదిహేడు.
నాది.

ఆ రోజు ఏమయిందో వెతుక్కున్నాను.
చిన్నోడికి జ్వరమా? ఓవర్‌టైమా?
తుపానుకి కరెంటు పోయిన వారమా?
ఏదీ కాదు. మామూలు రోజే అయ్యుంటుంది.
అదే గుచ్చుకుంది.

మా మేనత్త నూకాలు ఆ రేవులోనే పాటలో చేపలు కొని
తట్టెత్తుకుని కంచరపాలెం దాకా తిరుగుతుంది.
ఒకసారి అంది,
"ముల్లు కాటా అయితే ముల్లుతో తగువాడొచ్చే గుంటా,
అంకెలతో ఏటి తగువాడతాం?"

రెండొందల గ్రాములు. ఎవరి తట్టలోంచి ఎవరి తట్టలోకి?
ఆ కానాగంతలు ఎప్పుడో పులుసయిపోయాయి,
ముళ్లు పిల్లులు తినేశాయి.
నా చేతికి వచ్చింది నాలుగో పిన్ను ఒక్కటే.

ఫ్లక్స్ పూశాను. పాత టంకాన్ని రాగి జడతో పీల్చేశాను.
వేడి పిన్నుకియ్యి, టంకం తనే వస్తాది, అనేది గౌరీశమ్మ.
ఒకటి, రెండు, మూడు.
ఇసక గుంజని పట్టుకుంది.

రిపేరు కార్డులో కారణానికి నాలుగు గడులు:
అదురు, తేమ, తయారీ లోపం, తెలియదు.
నాయుడి వేలు తేమ మీద ఆగింది.
"హార్బరు గదా, ఉప్పుగాలి. ఎవలడుగుతారు?"
మూడో గడిలో టిక్కు పెట్టాను.
ముద్ర వేశాను, పదిహేడు పక్కన పదిహేడు.
అతను ఏమీ అనలేదు.
తన పెన్ను కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

ట్రేలో ఇంకా నలభై ఉన్నాయి.
మొదటిదాన్ని భూతద్దం కిందికి జరిపి
ఇది మామూలు రోజు కాదు, కాదు అనుకుంటూ చూశాను.
పన్నెండో బోర్డు దగ్గర టీ బెల్లు కొట్టారు.

సాయంత్రం బస్సులో, కూర్మన్నపాలెం దాటాక
పక్కసీటామె నా భుజం మీంచి ఏదో గిల్లి తీసి
"ఏటమ్మా, చేపలమ్ముతావా?" అనడిగింది.
పొలుసు. ఎలా అంటుకుందో.