అంచు

డండీ రేవు వెనక సందులో నా కొట్టు.
మంగళవారం, వాన. ఎల్స్‌పెత్ డఫ్ వచ్చి
చేతిరుమాలు ముడి విప్పింది.
"మా తాతది. అసలుదో కాదో చెప్పు, చాలు.
అమ్మను."
అందరూ అలాగే అంటారు, ధర వినేదాకా.

తూచాను. వెండి బరువు సరిపోయింది.
రాజుగారి చెంప అరిగిన తీరు సహజం.
రిబ్బను పాతదే: పొగాకు వాసన, కొంచెం చేపనూనె.
బొమ్మ చూసి మురిసేవాడు కొత్తవాడు,
నేను అంచు చూస్తాను.

అక్కడ, వేలిగోటికి తెలిసేంత పల్లం.
ఎవరిదో పేరు ఆకురాయితో గీకేసి
పైన ఎ. డఫ్ అని చెక్కారు.
మిషను అచ్చు కాదు, చేతిపని,
చివరి అక్షరం కిందికి జారింది.

చెప్పాను.
ఏడవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.
"జనపనార మిల్లు మూసిన ఏడు
తాత తనది తాకట్టు పెట్టాడట, బొగ్గు కోసం.
విడిపించనే లేదనేది నానమ్మ.
మరి ప్రతి నవంబరు కవాతులో
ఛాతీ మీద ఏదో మెరిసేది."

యుద్ధానికి వెళ్ళింది నిజం.
పతకం నిజం.
నా పుస్తకంలో మాత్రం ఇలా రాయాలి:
పేరు మార్చినది. వెండి ధరే.

ఆమె ముడి వేసుకుంటోంది.
"ఒక్క నిమిషం" అని మళ్ళీ భూతద్దం పెట్టాను.
డఫ్ కింద, గీకుడుకి లొంగని
ఒక నిలువు గీత.
ఐ కావచ్చు, టీ కావచ్చు.
వాడి ఇంట్లో ఎంత చలో.