మూడో టికెట్టు

వర్తూరు రోడ్డులో మా నాయన కాపలా కాసే అపార్ట్‌మెంటు.
కింద రెండో బేస్‌మెంటులో, పద్నాలుగో స్తంభం మొదట్లో
నడి ఎండల్లో కూడా చెమ్మ ఆరదు.
ఇంజనీర్లు మూడుసార్లు సిమెంటు పూసి పోయినారు.

మా తమ్ముడు ఓబులేసు
ఆడ గొంతుక్కూచోని
గిన్నెడు ఉగ్గాని పెట్టి వస్తాడు.
"ఎవరికిరా?"
"వానికి. పేరు లేదక్కా.
కాళ్లుండాల్సిన చోట నాచుంది."

నవ్వినా.
పొద్దున చూస్తే గిన్నె తళతళ.
అడుగున ఒక పొలుసు,
నా చిటికెనగోరంత.

రోజూ ఒకటే అడుగుతుందంట,
ఆకాశం యాడికి పోయిందని.
వీడు ట్యూబ్‌లైటు చూపించి
"పాతది పాడైంది, ఇది కొత్తగా వేసినారు"
అని సర్దిచెప్పినాడంట.
నమ్మినట్టు తలూపిందంట, పాపం.

ఆరు గంటలకు మోటారు పెట్టి
ఊరిన నీళ్లన్నీ తోడి మోరీలోకి వదుల్తారు.
ఓబులేసు స్విచ్చి ఆపినాడు.
ఒకసారి తిట్లు.
రెండోసారి నాయన జీతంలో కోత.
ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు,
కిందికీ పోలేదు.

ఆదివారం, ఇరవై లీటర్ల క్యాను
చెరో పక్క పట్టుకొని బస్సెక్కినాం,
ఇంకా నీళ్లున్న చెరువేదో వెతుక్కుంటా.
వాడు మూతకు చెవి ఆనించి
కిటికీలో కనబడిందల్లా దానికి చెప్తానే ఉన్నాడు.

"ఎష్టు జన?" అనింది కండక్టరమ్మ.
వాడు వేళ్లు మడిచి "మూరు" అన్నాడు.

ఆమె మమ్మల్ని చూసింది.
క్యాను చూసింది.
లోపల్నించి ఎవరో
మెల్లగా తట్టినారు.

మూడు టికెట్లు చింపింది.

మూడోది నా పుస్తకంలో ఉంది.
ఇంకా ఆరలేదు.