నక్షత్రాల రిజిస్టరు

జూన్‌లో హెడ్మాస్టరు గారు నా చేతికిచ్చారు
ఎర్రట్ట రిజిస్టరూ, బంగారు రంగు స్టిక్కర్ల పాకెట్టూ.
"సత్ప్రవర్తన కూడా కొలవాలట, టీచరు గారూ.
సైన్సు వాళ్ళు మీరే కొలవాలి."

కొలిచాను.
నిజం ఒప్పుకుంటే ఒక నక్షత్రం,
దొరికిన వస్తువు తెచ్చిస్తే రెండు,
ఏడ్చేవాణ్ణి ఊరుకోబెడితే మూడు.
యాభై నిండితే
శనివారం ప్రార్థనలో చప్పట్లు, ఒక పెన్ను.

జూలైకల్లా మా మునిసిపల్ హైస్కూలు
పుణ్యాత్ములతో కిక్కిరిసిపోయింది.
మూల చిరిగిన పదిరూపాయల నోటొకటి
అదే వరండాలో పదకొండుసార్లు దొరికింది
పదకొండుమందికి.
పన్నెండోసారి ఆ నోటే
నన్ను చూసి తల దించుకున్నట్టనిపించింది.
పిల్లల్నేమనను?
ధర కట్టింది నేను.

నాగూర్‌బీ పేజీ మాత్రం తెల్లగా ఉండేది.
తొమ్మిది 'బి', కిటికీ పక్క బెంచీ.
పిలిస్తే లేస్తుంది. కూర్చోమంటే కూర్చుంటుంది.
అంతే.

ఫిబ్రవరి వచ్చింది.
ఏటుకూరు రోడ్డున టిక్కీల లారీలు బారులు తీరాక
గుంటూరు గాలికి గొంతు పట్టుకునే గుణం వస్తుంది.
ప్రార్థన గీతం రెండో చరణంలో
బడి బడంతా తుమ్ముతుంది.

ఆ సోమవారం
ఆరో తరగతి శాంతయ్య కంట్లో దుమ్ము పడి
కుళాయి దగ్గర గుక్కపట్టాడు.
పక్కనే నాగూర్‌బీ
రెండు చేతులూ వీపు వెనక దాచుకుని
గుడ్లప్పగించి నిలబడింది.
"చూస్తావేమే, వాడి కళ్ళు తుడువు" అన్నాను మేడమీంచి.
రెండడుగులు వెనక్కి వేసింది.
ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో లోహితాక్షుడు,
జేబురుమాలుతో తుడిచాడు,
తుడుస్తున్నంతసేపూ నా వైపే చూశాడు.
వాడికి మూడు నక్షత్రాలు.
ఆ పిల్ల పేజీలో ఎర్రసిరాతో
"సహాయగుణం లేదు".
అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా కూడా వచ్చాయి.

వారం తిరిగి మళ్ళీ సోమవారం, ల్యాబులో
మైక్రోస్కోపు తుడవమన్నాను.
"నేను ముట్టుకోను టీచర్.
అది కంటికి ఆనించుకునేది గదా."
ఏం?
"నిన్న మా అమ్మతో ముచ్చికలు తీశా.
రెండ్రోజులు పోదు టీచర్ చేతుల్లో మంట.
సబ్బుకి లొంగదు, ఆముదానికీ లొంగదు.
ఒకసారి మా తమ్ముడి కళ్ళు తుడిచా..."
అక్కడితో ఆపేసింది.

మరి ఆ రోజు, కుళాయి దగ్గర?
"కుళాయి తిప్పింది నేనే గదా టీచర్,
మోచేత్తో."

యార్డులో కాయను రాశి పోసి
రంగు తేలితే తాలని పక్కన పడేస్తారు.
కనీసం వాళ్ళు
ఒక కాయ విరిచి వాసన చూస్తారు.

రిజిస్టరు తెరిచాను.
చేసినవాటికి గడులున్నాయి, ఇరవై రెండు.
చేయి ఆపుకున్నదానికి
గడి లేదు.
కొట్టివేద్దామని గీత గీస్తే
ఎర్రసిరా మీద ఎర్రసిరా,
మాట ఇంకా లావెక్కింది.

"స్టారిస్తాను, చెయ్యి చాపు" అన్నాను.
చాపింది, వేళ్ళు ముడుచుకునే.
విప్పి చూశాను:
గోళ్ళ పక్కన చీలికలు,
చూపుడువేలి కొసన తోలు లేచిన చోట లేత గులాబీ.
స్టిక్కరు ఆ నూనెకి అంటుకోలేదు.
"పర్లేదు టీచర్, మీ దగ్గరే ఉంచండి" అని
బెంచీకి వెళ్ళిపోయింది,
ఊరడిస్తున్నది తనే అయినట్టు.

నాలుగో గంట కొట్టారు.
లోహితాక్షుడికి నలభై ఎనిమిది,
ఇంకో రెండు ఎలా అని తలుపు దగ్గర తచ్చాడుతున్నాడు.
వాణ్ణీ తిట్టలేకపోయాను.

అందరూ వెళ్ళాక
అద్దాలు తీసి
ఏమరుపాటున కన్ను తుడుచుకున్నాను.

అబ్బ, ఏం మంట!
మోచేత్తో కుళాయి తిప్పుకుని
దీపాలు పెట్టేదాకా
అక్కడే వంగి నిలబడ్డాను.