కొసరు

గుత్తి రోడ్డు షెడ్డు నుంచి
ఖాళీ ఎనామిల్ డబ్బా ఒకటి తెచ్చినాను.
అడుగున మేకుతో ఏడు బొక్కలు కొట్టి
మట్టి నింపి కిటికీలో పెట్టినాను.
మా కిటికీకి ఎండ రెండు గంటలే,
ఆ తర్వాత ఎదురు మిద్దె మీది నీళ్ళ ట్యాంకు చాటుకు పోతుంది.

"లారీల మీద పూలేసేటోనివి,
నీకు మొక్కలేంటికి?" అనింది కుళ్ళాయమ్మ.
అంటూనే ధనియాలు తెచ్చి
చెప్పు కింద నలిపింది.
గింజ రెండు బద్దలు కావాలంట,
లేకుంటే సాంబారు పొడికే నయమంట.

ఒకప్పుడు పాతూరు మార్కెట్లో
వంకాయలు కొంటే కొత్తిమీర కొసరు.
అడక్క ముందే సంచిలో పడేది.
ఈ మే నెలలో కట్ట ముప్పై రూపాయలు.
తడిగోనె కింద దాచుకోని
బాలక్క నా చేతుల దిక్కు చూసింది,
ముట్టుకుంటే వాడిపోతుందన్నట్ల.

మూడు దినాలకొకసారి కొళాయి.
బియ్యం కడిగిన నీళ్ళు ముందు దానికి.
పదకొండు దినాలు
డబ్బా నిండా ఉత్త మట్టే.
పన్నెండో దినం
మట్టిపెళ్ళను వీపుతో ఎత్తుతా
వంగిన దారం ముక్క ఒకటి.

ఆ పచ్చ ఏ డబ్బాలోదో నాకు తెలీలేదు.
ముప్పై ఏండ్లు చిలకలకు పూసిన పచ్చ కాదు.
పసుపు ఎంత కలిపినా రాదు,
తెలుపు పడితే చచ్చిపోతుంది.

వారం తిరిగేసరికి
అన్నీ వెలుతురు పక్కకే ఒరిగినాయి,
మలుపు తిరిగే బస్సులో
నిలబడిన జనం మాదిరి.
డబ్బా తిప్పి పెడితే
మర్నాటికి మళ్ళా అటే.

ఆదివారం సంగటి, పప్పు.
నా చేయి పోలేదు.
కుళ్ళాయమ్మే గోటితో ఆరు కాడలు గిల్లింది.
ఆరంటే ఆరు.
ఇల్లంతా
టర్పెంటైన్ వాసన కాసేపు తప్పుకుంది.

సోమవారం ఒక టిప్పరు వచ్చింది.
రెండు తామరలు, రెండు చిలకలు, నంబరు, మాట్లాడుకున్న కూలీ.
అంతా అయినాక
మూలన చిన్న రెమ్మ ఒకటి వేసినాను.
"ఇదేంది దస్తగిరీ, చెప్పలేదే?" అన్నాడు డ్రైవరు.
"కొసరులే."

వాడు వేలితో తాకి చూసినాడు.
పచ్చి రంగు అంటిన వేలిని
ఎందుకో
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.